వడ్రంగి రాసిన వడ్రంగం
చేతిపనుల చరిత్ర – ఏడో భాగం

1769లో పారిస్‌లో ఒక పెద్ద గ్రంథం మొదటి భాగం అచ్చయింది. ప్రచురించింది ఫ్రాన్స్ రాజుగారి విజ్ఞానశాస్త్ర అకాడమీ. గణితవేత్తలూ ఖగోళ శాస్త్రజ్ఞులూ రసాయన పరిశోధకులూ కొలువైన సంస్థ అది. గ్రంథం పేరు ‘లార్ దు మెన్యూజియె’. తలుపులు, కిటికీలు, గోడలకు బిగించే పలకలు, బీరువాలు, బల్లలు చేసే వడ్రంగి విద్య దాని విషయం. ముఖపత్రం మీద రచయిత పేరు పక్కనే అతని హోదా కూడా వేశారు. అతను జీతానికి పనిచేసే వడ్రంగి. సొంత దుకాణం తెరిచే హక్కున్న మేస్త్రి కూడా కాదప్పటికి. వయసు ముప్ఫై. పేరు ఆంద్రే జాకబ్ రూబో.

గత భాగంలో రోమన్ల చిత్రిక దగ్గర ఆగాం. పాంపేయీ బూడిద కింద దొరికిన చిత్రికలను ఇవాళ్టి వడ్రంగి చేతికిస్తే, ఎటు పట్టుకోవాలని అడగకుండానే పని మొదలుపెడతాడని చెప్పుకున్నాం. అయితే ఆ చిత్రికను ఎలా నడిపేవారు, చెక్కను దేనికి ఆనించేవారు, ముందు ఏ వైపు నున్న చేసేవారు అన్న ప్రశ్నలకు వస్తుసామగ్రి సగం జవాబే ఇస్తుంది. చేతిపనుల చరిత్ర రాయబోయేవాళ్లకు అడుగడుగునా అడ్డుపడే చిక్కు ఇదే. పని తెలిసినవాళ్లు రాయలేదు, రాసినవాళ్లకు పని తెలియదు. విద్య తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి పోయింది. మధ్యలో ఒక తరం చెయ్యి ఆగితే అక్కడితో సరి. రూబో చేత్తో చిత్రికా పట్టాడు, కలమూ పట్టాడు. అందుకే ఈ భాగమంతా అతనికీ, కొలతలతో సహా అతను మనకు అప్పగించిపోయిన పనిబల్లకూ ఇస్తున్నాను.

రూబో 1739లో పారిస్‌లో పుట్టాడు. తండ్రిదీ తాతదీ అదే వృత్తి. కలిగిన కుటుంబం కాదు. చిన్నప్పుడే తండ్రి దగ్గర పనిలోకి దిగాడు. అప్పట్లో జాక్ ఫ్రాన్స్వా బ్లాన్డెల్ అనే వాస్తుశిల్పి పారిస్‌లో సొంతంగా బడి నడిపేవాడు. ఫ్రాన్స్‌లో వాస్తు నేర్పడంలో అంత పేరున్న గురువు ఆ కాలంలో మరొకరు లేరు. ఈ కుర్రవాడి ఆసక్తి ఆయన కంట పడింది. అయిదేళ్ల పాటు తన పాఠాలు విననిచ్చాడు. పగలు రంపం, ఉలి. తీరిక దొరికినప్పుడు రేఖాగణితం, చిత్రలేఖనం, భవన నిర్మాణం. ఆ చదువే లేకుంటే రూబో మంచి వడ్రంగిగా బతికి, ఏ గుర్తూ మిగల్చకుండా పోయేవాడేమో. అతని కాలంలో అలా వెళ్లిపోయిన మంచి వడ్రంగులు వేలల్లో ఉంటారు.

అకాడమీకి ఒక వడ్రంగితో పనేమిటి? దీని వెనక ఒక పాత సంకల్పం ఉంది. 1675లో పద్నాలుగో లూయీ మంత్రి కోల్బేర్, దేశంలోని చేతిపనులన్నిటినీ వర్ణించి గ్రంథస్థం చేయమని అకాడమీని కోరాడు. పని దశాబ్దాల పాటు నత్తనడక నడిచింది. శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్ జీవితంలో చాలా భాగం దీనికి కావలసిన బొమ్మలు, వివరాలు పోగుచేస్తూనే గడిపి 1757లో చనిపోయాడు. చివరికి దుయామెల్ దు మోన్సో పూనుకోవడంతో 1761 నుంచి సంపుటాలు వెలువడసాగాయి. బొగ్గు కాల్చడం, కాగితం చేయడం, తోలు ఊనడం, ఇలా ఒక్కో పనికి ఒక్కో పుస్తకం. ఎక్కువ భాగం రాసింది అకాడమీ సభ్యులే. దుకాణాలకు వెళ్లి, చూసి, అడిగి రాశారు.

సరిగ్గా అదే కాలంలో దిదెరో తన విజ్ఞాన సర్వస్వం తెస్తున్నాడు. ఆయన తండ్రి లాంగ్ర పట్టణంలో కత్తులు చేసే పనివాడు. చేతిపనిని దిదెరో గౌరవించినంతగా గౌరవించిన పండితుడు ఆ కాలపు యూరప్‌లో అరుదు. అంతటివాడు కూడా పనివాళ్ల దగ్గరికి వెళ్లి ప్రశ్నలు వేస్తే, తాము వాడే పనిముట్ల గురించి స్పష్టంగా చెప్పగలవాళ్లు వెయ్యిమందిలో ఓ డజను కూడా లేరని వాపోయాడు. నాకు ఆ ఫిర్యాదు న్యాయంగా తోచదు. చిత్రిక పడుతున్న మనిషి చెవితో తెలుసుకుంటున్నది, అరచేతితో తెలుసుకుంటున్నది ఎదురుగా నిలబడి అడిగేవాడికి మాటల్లో చెప్పాలంటే ముందు ఆ మాటలు ఉండాలి. ఆ మాటల కోసం కష్టపడటానికి తీరికా చదువూ ఉండాలి. అవి దొరికిన ఒక్క వడ్రంగి ఏం చేశాడో రూబో పుస్తకంలో కనిపిస్తుంది.

1769 నుంచి 1775 దాకా భాగాలు భాగాలుగా వచ్చిందా గ్రంథం. తలుపులు, కిటికీలతో మొదలై గుర్రపు బగ్గీలు, కుర్చీలు, మంచాలు, రంగురంగుల చెక్కలు పొదిగే పని, చివరికి తోటల్లో తీగలు పాకించే అల్లిక పందిళ్ల దాకా సాగింది. మొత్తం 382 చిత్రఫలకాలు. బొమ్మలు తనే గీశాడు. చాలావాటిని రాగిరేకు మీద కూడా తనే చెక్కాడు. మధ్యలో 1774లో మేస్త్రి హోదా దక్కింది. పుస్తకం సగానికి పైగా అచ్చయిపోయాక!

ఇంగ్లండ్‌లో ఈ ప్రయత్నం తొంభై ఏళ్ల ముందే ఇంకో రకంగా జరిగింది. జోసెఫ్ మాక్సన్ లండన్‌లో అచ్చుపనివాడు, పటాలూ గోళాలూ చేసేవాడు, రెండో చార్లెస్ రాజుకు జలపటాల నిపుణుడు. 1678 ప్రారంభం నుంచి ‘మెకానిక్ ఎక్సర్‌సైజెస్’ పేరుతో కమ్మరం, వడ్రంగం, తరిణె పని గురించి నెలనెలా చిన్న చిన్న సంచికలు వేశాడు. ఇంగ్లీషులో ఇలా వాయిదాల మీద వెలువడిన పుస్తకాల్లో అది తొలినాటిది. ధారావాహిక రాస్తున్నవాడిగా నాకు మాక్సన్ మీద ప్రత్యేకమైన అభిమానం ఉంది. చిత్రికను ఎంత లోతుకు దింపాలో, వంకర పలకను ఎలా సరిచేయాలో శ్రద్ధగా చెప్పాడు. కానీ పనిబల్ల బొమ్మ దగ్గరికొచ్చేసరికి, రెండేళ్ల ముందు ఫ్రాన్స్‌లో ఫెలిబియాఁ వేసిన బొమ్మను చూసి గీయించాడు. వడ్రంగి కానివాడికి ఆ బల్ల ఒక సామాను మాత్రమే. వడ్రంగికి అది అన్నిటికంటే పెద్ద పనిముట్టు.

చెక్కను పట్టేదెవరు?

రంపం, ఉలి, చిత్రిక గురించి ఎంతసేపైనా మాట్లాడతాం. కానీ చెక్క కదిలిపోతుంటే ఏ పనిముట్టూ పనిచేయదు. రెండు చేతులూ చిత్రికకే చాలవు, ఇక చెక్కను పట్టేదెవరు? పనిబల్ల చరిత్ర అంతా ఈ ప్రశ్నకు మనుషులు వెతుక్కున్న జవాబుల చరిత్రే.

క్రీ.శ. 79లో వెసూవియస్ కింద పూడిపోయిన హెర్క్యులేనియంలో ఒక గోడచిత్రం బయటపడింది. ఇద్దరు రెక్కల బాలలు వడ్రంగం చేస్తుంటారు. బల్ల మోకాలి ఎత్తున ఉంటుంది. పలకను దాని మీద ఒక ఇనుప కొక్కెం నొక్కిపట్టి ఉంటుంది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఉత్తరాన సాల్‌బుర్గ్ అనే రోమన్ కోట ఉంది. క్రీ.శ. 260 ప్రాంతంలో సైన్యం దాన్ని వదిలేసి పోయింది. అక్కడి పాత బావుల్లో ఓక్ చెక్కతో చేసిన పనిబల్లలు దొరికాయి. నీళ్లలో, బురదలో గాలి తగలకుండా ఉండబట్టి చెడిపోలేదు. అవీ పొట్టివే. దుంగను చీల్చి, కాళ్లు దిగగొట్టి, అక్కడక్కడ బెజ్జాలు చేశారు. పనివాడు దాని మీద గుర్రం ఎక్కినట్టు కూర్చుంటాడు, లేదా మోకాలితో, తొడతో చెక్కను అదిమిపడతాడు. మనిషి బరువే బిగింపు.

మన ఊళ్ల వడ్రంగి బల్ల దాకా కూడా పోలేదు. నేల మీద కూర్చుని, ఒక పాదంతో మొద్దును అదిమి, బాడిసతో చెక్కేవాడు. నాగలికీ మేడికీ కాడికీ బండిచక్రం ఆకులకూ తుమ్మ చెక్క కావాలి. అవన్నీ వంపులున్న, పొట్టి, లావుపాటి ముక్కలు. వాటిని క్షణక్షణం తిప్పుకుంటూ చెక్కాలి. ఆ పనికి కాలిని మించిన బిగింపు లేదు. పాదం ముక్కను వదలాలన్నా పట్టాలన్నా రెప్పపాటు చాలు. ఏ మరా అంత త్వరగా బిగియదు. నేల మీద కూర్చుని చేయడాన్ని వెనకబాటుగా లెక్కగట్టిన పాశ్చాత్య యాత్రికుల రాతలు కొన్ని మనవాళ్లూ నమ్మారు. బాడిస పనికి పనిబల్ల అడ్డమే తప్ప సాయం కాదు.

మరి యూరప్‌లో బల్ల ఎందుకు పైకి లేచింది? నా దృష్టిలో దీనికి పెద్ద కారణం తలుపు. వెడల్పాటి పలక వానాకాలంలో అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. నాలుగు పలకలు మేకులతో కలిపి కొడితే తలుపు బీటలిస్తుంది, లేదా బిగుసుకుపోతుంది. 15, 16 శతాబ్దాల్లో అక్కడ చట్రం పద్ధతి బాగా వ్యాపించింది. సన్నటి కమ్మీలతో చట్రం కట్టి, దాని లోపలి గాడిలో పలకను జిగురు పెట్టకుండా వదులుగా నిలబెడతారు. పలక ఉబ్బినా కుంచించుకున్నా గాడిలోనే కదులుతుంది, చట్రం మాత్రం కదలదు. అయితే ఈ పద్ధతిలో కమ్మీ ప్రతిదీ తిన్నగా, మూలమట్టానికి సరిగ్గా ఉండాలి. ఒక్క గది గోడలకు పలకలు బిగించాలంటే వందల అడుగుల కమ్మీలు చిత్రిక పట్టాలి. కూర్చుంటే ఆ పని తెమలదు. లేచి నిలబడి, చిత్రికను తోస్తూ ముందుకు నడవాలి. నడుమెత్తు బల్ల అక్కడ అవసరమైంది. దూలాలూ ఇంటికప్పులూ చేసే వడ్రంగులు ఒక వృత్తి సంఘంగా, ఈ సన్నపని వడ్రంగులు ఇంకో సంఘంగా విడిపోయారు. న్యూరెంబర్గ్‌లో 1505 నాటి లోఫెల్‌హోల్జ్ రాతప్రతిలో చెక్క మరతో బిగించే పనిబల్ల బొమ్మ ఉంది. కాలుతో అదిమే కాలం పోయి మర కాలం వస్తోందనడానికి అదొక సాక్ష్యం.

పదకొండో ఫలకం

రూబో పదకొండో చిత్రఫలకంలో పై సగం నిండా పని సాగుతున్న వడ్రంగి దుకాణం ఉంటుంది. కింది సగంలో పనిబల్లను విడదీసి చూపించాడు. వడ్రంగులు రెండున్నర శతాబ్దాలుగా తిరగేస్తున్న పుట ఇది.

బల్లపై భాగం ఒకే ఒక్క దిమ్మ. ఎల్మ్ గానీ బీచ్ గానీ. మందం అయిదారు అంగుళాలు. వెడల్పు 20 నుంచి 24 అంగుళాలు. పొడవు ఆరడుగుల నుంచి పన్నెండడుగుల దాకా, మామూలుగా తొమ్మిది. అప్పటి ఫ్రెంచి అంగుళం మన అంగుళం కంటే కాస్త పెద్దది, 2.7 సెంటీమీటర్లు. అంటే ఇద్దరు మనుషులు ఎత్తలేని దిమ్మ. అంత బరువు ఎందుకంటే, పొడుగు చిత్రికను శక్తికొద్దీ తోస్తే తేలిక బల్ల మనిషితో పాటే నడుస్తుంది. కాళ్లు ఓక్ చెక్క, ఆరంగుళాల వెడల్పు. ప్రతి కాలి తలకూ రెండు నాలుకలు. వెనకది నేరుగా బెజ్జంలో దూరి బల్లపైకి తేలుతుంది. ముందుది లోపలికి పోయేకొద్దీ వెడల్పయ్యే ఆకారంలో ఉంటుంది కాబట్టి ముందుకు ఊడి రాలేదు. ఈ అతుకును ఒకసారి దిగగొడితే ఆ తర్వాత విప్పడం ఉండదు.

ఇక్కడ గమనించాల్సిన చిన్న విషయం ఒకటుంది. ముందు కాళ్లు బల్ల అంచుకు సరిసమానంగా ఉంటాయి. లోపలికి జరిగి ఉండవు. భోజనాల బల్ల చేసేవాడు కాళ్లు లోపలికి పెడతాడు, కూర్చునేవాళ్ల మోకాళ్లకు తగలకూడదని. పనిబల్లకు అలా పనికిరాదు. పొడవాటి పలకను నిలువుగా పట్టి దాని అంచుకు చిత్రిక వేయాలంటే, పలక బల్ల అంచుకూ రెండు కాళ్లకూ ఒకేసారి ఆనాలి. అందుకే కాళ్లకు కూడా బెజ్జాలు పెట్టి, కొక్కేలతో పలకను కాళ్లకే బిగిస్తారు. అలా బల్ల ముఖమంతా బిగింపుకు పనికొస్తుంది.

ఎత్తు ఎంత ఉండాలో రూబో అంకెలో చెప్పలేదు. పనిచేసే మనిషి తొడల పైభాగం దాకా రావాలన్నాడు. అంతకంటే ఎత్తయితే చేతుల బలమే మిగులుతుంది, వీపు బరువు చిత్రిక మీద పడదు. మరీ పొట్టిదైతే నడుం విరుగుతుంది. పనివాడు రాశాడు కాబట్టే ఎత్తుకు కొలత ఒంటి నుంచి వచ్చింది.

ఎడమ చివర బల్లలోంచి ఒక చదరపు కొయ్య పైకి పొడుచుకు వస్తుంది. దాని నెత్తిన పళ్లున్న ఇనుపముక్క ఉంటుంది. దీన్ని అడ్డుకొయ్య అందాం. కొయ్యసుత్తితో కింది నుంచి కొడితే పైకి లేస్తుంది, పై నుంచి కొడితే దిగుతుంది. పలక చివర ఆ పళ్లకు ఆనించి చిత్రిక తోస్తే, తోపుడు బలమే పలకను పళ్లలోకి గుచ్చి నిలబెడుతుంది. వెనక నుంచి బిగించే మర ఏదీ లేదు. పలకను తీసి, తిప్పి, మళ్లీ పెట్టడానికి ఏ మరా విప్పనక్కర్లేదు. రోజంతా వందల కమ్మీలు చిత్రిక పట్టేవాడికి ఆ క్షణాలన్నీ కలిసి గంటలవుతాయి. జర్మన్ పద్ధతిలో బల్ల చివర మర బిగింపు ఉండే పనిబల్లను కూడా రూబో తర్వాతి భాగాల్లో బొమ్మలతో సహా వర్ణించాడు. సన్నపని చేసే బీరువా పనివాళ్లకు అది మేలు. తనకు అలవాటు లేని పద్ధతిని కూడా సరిగ్గా కొలిచి చూపించడం అతని నిజాయితీ.

ఇక ఇనుప కొక్కెం. లావుపాటి కడ్డీని తలవంచిన ముసలమ్మ చేతికర్రలా వంచి, కొనను చదునుగా సాగగొడతారు. బల్లలో దాని కడ్డీ కంటే కొంచెమే పెద్ద బెజ్జం ఉంటుంది. కొక్కెం కొన పలక మీద పెట్టి, వంపు నెత్తిన ఒక్క దెబ్బ వేస్తే చాలు. కడ్డీ బెజ్జంలో ఓరగా ఒరిగి, పైన ఒక పక్క, కింద ఎదురు పక్క ఒరుసుకుని బిగుసుకుంటుంది. పలక ఇక కదలదు. తీయాలంటే వెనక నుంచి ఒక చిన్న దెబ్బ, వదులవుతుంది. మర లేదు, స్ప్రింగు లేదు, కదిలే భాగమే లేదు. హెర్క్యులేనియం గోడ మీద రెక్కల బాలల బల్లపై ఉన్నదీ ఇదే కొక్కెం. పదిహేడు వందల ఏళ్లలో దాన్ని మెరుగుపరచాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

బల్ల కింద ఇంకో చిన్న వస్తువు కూడా గీశాడు రూబో, కొవ్వు వేసుకునే డబ్బా. చిత్రిక అడుగుకు అప్పుడప్పుడు కొవ్వు రాస్తే తేలిగ్గా జారుతుంది. దుకాణం బయట నుంచి చూసిన పండితుడికి అది కంటికి ఆనుతుందా?

పలకను చదును చేయడం

ఈ బల్ల మీద ఒక గరుకు పలకను సరిచేసే వరస ఇది. మాక్సన్ కాలం నుంచి దాదాపు ఇలాగే ఉంది.

కోతమిల్లు లేని రోజుల్లో పలక రంపం గాట్లతో, ఒక మూల లేచి ఒక మూల దిగి వచ్చేది. ముందు చూడాల్సింది ఆ మెలికనే. తిన్నని సన్నటి కర్రలు రెండు తీసుకుని పలక రెండు చివర్లా అడ్డంగా పెట్టి, వంగి ఒక కన్ను మూసి చూస్తాడు. ముందు కర్ర పై అంచూ వెనక కర్ర పై అంచూ ఒకే గీతగా కనిపిస్తే మెలిక లేదు. ఒక పక్క తేలితే ఏ మూల ఎంత ఎత్తో తెలిసిపోతుంది. పలకలోని చిన్న తేడాను పొడుగు కర్రలు పెద్దది చేసి కంటికి చూపిస్తాయి.

అప్పుడు మోటు చిత్రిక తీస్తాడు. దాని ఇనుము అంచు తిన్నగా ఉండదు, గోరులా కొంచెం గుండ్రంగా నూరి ఉంటుంది. దీన్ని నార వెంట కాక నారకు అడ్డంగా నడుపుతాడు. అడ్డంగా పోతే చెక్క లోతుగా తెగుతుంది, పెళ్లలు లేవవు. లేచిన మూలల్ని ఇలా దించేస్తాడు. పలక నిండా దోనెల్లాంటి గాళ్లు పడతాయి. తర్వాత పొడుగు చిత్రిక, నార వెంట. రెండున్నర అడుగుల అడుగుభాగం గుంటల్లోకి దిగదు, గట్ల మీదుగానే పోతుంది కాబట్టి గట్లనే కోస్తుంది. మొదట పొట్టు ముక్కలు ముక్కలుగా రాలుతుంది. గట్లు తగ్గేకొద్దీ ముక్కలు పొడుగవుతాయి. పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా ఒకే చుట్ట లేచి వచ్చిందంటే ముఖం చదునైనట్టే. చప్పుడు కూడా మారుతుంది. తెగుతూ అతుకుతూ వచ్చే మోత పోయి ఒకే ధారగా వినిపిస్తుంది. చూడకుండా వినే మేస్త్రికి అది చాలు.

ఆ ముఖం మీద గుర్తు పెడతాడు. ఇకపై కొలతలన్నీ దాని నుంచే. దాని పక్క అంచును మూలమట్టంతో సరిచూసి తిన్న చేస్తాడు. మందం గీతకొయ్యతో చుట్టూ గీసి, అవతలి ముఖాన్ని ఆ గీత దాకా దించుతాడు. అది కూడా అవసరమైతేనే. చేతిపనిలో అన్ని ముఖాలూ సమానం కావు. కంటికి కనిపించేదీ అతుకుకు ఆనేదీ నిక్కచ్చిగా ఉండాలి. సొరుగు అడుగున, బీరువా వెనక, బల్ల కిందివైపున మోటు చిత్రికతో వదిలేస్తారు. 18వ శతాబ్దపు బల్ల కింద వేళ్లు పెట్టి రాస్తే ఆ గాళ్లు అలలు అలలుగా తగులుతాయి. యంత్రంతో కోసిన చెక్క రెండు వైపులా ఒకేలా ఉంటుంది. మ్యూజియంల వాళ్లు పాత సామానును నకలు నుంచి వేరు చేసేటప్పుడు తిరగేసి చూసేది ఈ గాళ్లనే. అది అశ్రద్ధ కాదు. ఎక్కడ ఒళ్లు వంచాలో, ఎక్కడ దాచుకోవాలో తెలిసిన వివేకం.

ధాన్యపు మండీ మీద గుమ్మటం

పుస్తకం పూర్తయ్యాక రూబో మళ్లీ పనిలోకే దిగాడు. పారిస్ ధాన్యపు మండీ గుండ్రటి భవనం, మధ్యలో పైకప్పు లేని ఆవరణ. దాని మీద గుమ్మటం వేయడానికి లెగ్రాన్, మోలినో అనే యువ వాస్తుశిల్పులు ఒక పథకం తెచ్చారు. 1561లో ఫిలిబేర్ దెలోర్మ్ ప్రకటించిన పాత పద్ధతి అది. పెద్ద దూలాలు అక్కర్లేదు. పొట్టి పలకలనే రెండు మూడు వరసల్లో అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా పేర్చి, వంపు తిరిగిన పక్కటెముకలుగా కట్టాలి. ఆ చెక్కపని బాధ్యత రూబోకు అప్పగించారు. 1782, 1783ల్లో లేచిన ఆ గుమ్మటం అడ్డుకొలత దాదాపు 39 మీటర్లు. ఎముకల మధ్య గాజు పట్టీలు వేసి వెలుతురు దింపారు. 1786లో దాన్ని చూసిన అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ ఎంత ముగ్ధుడయ్యాడంటే, తర్వాత వర్జీనియాలో తన మాంటిచెల్లో ఇంటి గుమ్మటానికి అదే దెలోర్మ్ పద్ధతి వాడాడు. పారిస్ గుమ్మటం 1802లో ఒక ప్లంబర్ అజాగ్రత్త వల్ల తగలబడిపోయింది. ఆ తర్వాత దాని స్థానంలో ఇనుప గుమ్మటం కట్టారు. బూర్స్ ద కొమ్మెర్స్ పేరుతో ఆ భవనం ఇప్పుడు కళా ప్రదర్శనశాల.

రూబో ఆ మంటలు చూడలేదు. 1791లో, యాభై రెండేళ్లయినా నిండకుండా చనిపోయాడు. అదే ఏడాది మార్చిలో విప్లవ ప్రభుత్వం వృత్తి సంఘాలను రద్దు చేసింది. జూన్‌లో పనివాళ్లు కూటమి కట్టడాన్నే నిషేధించింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో శామ్యూల్ బెంథమ్ చిత్రిక పట్టే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. రూబోను పెంచిన లోకం అతనితో పాటే పక్కకు తప్పుకోవడం మొదలైంది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. బెంథమ్ ప్రోద్బలంతో పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో మార్క్ బ్రూనెల్ రూపొందించిన, హెన్రీ మాడ్‌స్లే తయారుచేసిన యంత్రాలు ఓడల తాళ్లకు వేసే చెక్క కప్పీలు చేయసాగాయి. 1808 నాటికి ఏడాదికి లక్షా ముప్ఫై వేలు. నూటపది మంది నిపుణుల పనిని పదిమంది మామూలు కూలీలు చేశారు. 1828లో అమెరికాలో విలియం వుడ్‌వర్త్ పలకలు నునుపుచేసే యంత్రానికి పేటెంటు పొందాడు. గంటల తరబడి సాగే మోటు చిత్రిక పని వడ్రంగి చేతిలోంచి జారిపోయింది. పని తగ్గిన కొద్దీ పనిముట్టు సొగసైంది. లెనార్డ్ బెయిలీ ఇనుప చిత్రికల పేటెంట్లను 1869లో స్టాన్లీ కంపెనీ కొనుక్కుంది. మనదేశంలో పట్నపు వడ్రంగుల సంచుల్లో కనిపించే ఇనుప చిత్రిక ఆ వంశానిదే.

పాత పనిబల్లలు మాత్రం ఎక్కడికక్కడ పొయ్యిల్లోకి పోయాయి. ఇరవయ్యో శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో రూబో పేరు పురాతన వస్తువుల పరిశోధకులకు తప్ప ఎవరికీ తెలియదు. 1979లో అమెరికాలో రాయ్ అండర్‌హిల్ టీవీలో చేతి పనిముట్ల వడ్రంగం నేర్పడం మొదలుపెట్టి మూడున్నర దశాబ్దాలకు పైగా కొనసాగించాడు. 2007లో క్రిస్టఫర్ ష్వార్జ్ పనిబల్లల మీద రాసిన పుస్తకం రూబో బల్లను మళ్లీ జనంలోకి తెచ్చింది. 2013లో, 2017లో రూబో గ్రంథంలోని భాగాలు ఇంగ్లీషులోకి వచ్చాయి. ఇప్పుడు అమెరికాలోనూ యూరప్‌లోనూ వేలమంది ఇళ్లలో ఆ బల్లను కట్టుకుంటున్నారు. మధ్యలో ఎన్నో తరాల చేతులు ఆగిపోయినా, వాళ్లకు కొలతలు అందాయి, అతుకు ఆకారం అందింది, ఎత్తు ఎలా తేల్చుకోవాలో అందింది.

మన దగ్గర పని తెలిసినవాళ్ల నోట విని రాసుకున్న మహాప్రయత్నం ఒకటి జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సారథ్యంలో మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయంతో మొదలైంది, తర్వాత చేనేతకూ సాగింది. ఊరూరా తిరిగి రైతుల, నేతగాళ్ల మాటలు సేకరించారు. ఆ సంపుటాలు తెరిస్తే, రాయకపోతే ఎంత పోగొట్టుకునేవాళ్లమో తెలుస్తుంది. బాడిస పట్టే ఒడుపు, పాదంతో చెక్కను తిప్పే వరస, బండిచక్రానికి ఆకులు దిగగొట్టే లెక్క ఇంకా కొందరు పెద్ద వడ్రంగుల చేతుల్లో ఉన్నాయి. ఇవాళ ఫోనులో వీడియో తీయడానికి అకాడమీ అనుమతి అక్కర్లేదు. కొలతలు అడిగి, రాసి, బొమ్మ గీసి పెట్టండి. ఆ పెద్దాయన ఇంట్లో చదువుకున్న మనవడో మనవరాలో ఉంటే ఆ పని వాళ్లదే.

రూబో పలకల దగ్గర మొదలుపెట్టాడు. దుంగ పలకలుగా ఎలా మారేదో మనమింకా చూడలేదు. వచ్చే భాగంలో గుంతలో ఒకడు, దుంగ మీద ఒకడు నిలబడి లాగే కోతరంపం దగ్గరికి వెళదాం.